రెండు పొయ్యిల లెక్క

పోయినవారి పేరుమీద ఏటా జరిగే ఉపన్యాసానికి ఊరికి పనికొచ్చే విషయం ఎంచుకోవడం మర్యాద. మన ఊరు డోన్ అనగానే నీళ్లు, రైలు జంక్షను, గనులు, నాపరాళ్లు గుర్తుకొస్తాయి. నేను మాత్రం ఇక్కడికి రెండువందల అరవై కిలోమీటర్ల అవతలున్న హైదరాబాదులో బతకడానికి ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్న తీసుకున్నాను. దేశంలోని మహానగరాల్లో హైదరాబాదు చవకైనదని అందరూ అంటారు. ఆ మాట అబద్ధమని నేను అనను. ఆ చవకకు అయ్యే ఖర్చులో ఒక భాగం నగరం పద్దులో కాక డోన్, పత్తికొండ, ఆలూరు వంటి ఊళ్ల పద్దులో పడుతోందన్నది నా వాదన. ఆ భాగాన్ని ఎవరూ లెక్కించడం లేదు. లెక్కించే పద్ధతులే అది కనిపించకుండా తయారయ్యాయి. కర్నూలుకు మూడేళ్లు దక్కిన రాజధాని 1956లో హైదరాబాదుకు తరలిపోయిందన్న ఉపన్యాసాలు ఈ వేదికలమీద చాలానే నడిచాయి. ఇది ఆ ఉపన్యాసం కాదు.

ముందు, చవక అని ఎవరు, ఎవరి తరఫున అంటున్నారో చూద్దాం. మెర్సర్ అనే సంస్థ ప్రపంచంలోని రెండువందల పైచిలుకు నగరాల జీవన వ్యయాన్ని పోల్చి ఏటా వరస ప్రకటిస్తుంది. 2024 జాబితాలో ముంబై 136వ స్థానంలో, ఢిల్లీ 164లో, చెన్నై 189లో, బెంగళూరు 195లో ఉంటే హైదరాబాదు 202లో ఉంది. వరసలో ఎంత వెనక ఉంటే నగరం అంత చవక. ఈ జాబితా ఎందుకోసమంటే, ఒక దేశపు కంపెనీ తన ఉద్యోగిని ఇంకో దేశానికి పంపేటప్పుడు ఎంత భత్యం ఇవ్వాలో తేల్చుకోవడానికి. న్యూయార్క్‌ను కొలబద్దగా పెట్టుకుని చూస్తారు. న్యూయార్క్ పక్కన పెట్టి చూస్తే హైదరాబాదు చవక కాకుండా ఎలా ఉంటుంది? ఇళ్ల వ్యాపారాన్ని పరిశీలించే నైట్ ఫ్రాంక్ సంస్థ ఇంకో కొలత తీస్తుంది. కుటుంబ ఆదాయంలో ఇంటి అప్పు వాయిదాకు ఎంత శాతం పోతుందని అడుగుతుంది. 2023లో ముంబైలో అది 51 శాతం, హైదరాబాదులో 30, అహ్మదాబాదులో 21. అంటే ఎనిమిది పెద్ద నగరాల్లో ముంబై తర్వాత ఇల్లు కొనడం కష్టమైన చోటు మన చవక నగరమే. రెండు కొలతల్లోనూ తప్పు లేదు. ఒకటి విదేశీ ఉద్యోగికోసం, ఇంకొకటి అప్పు పుట్టే జీతగాడికోసం తయారయ్యాయి. బేల్దారి పనికి పోయే మనిషి కోసం మూడో కొలత తయారుచేయాలని ఎవరికీ తోచలేదు.

మనిషి బతకడానికి ఎంత కావాలన్న లెక్క ఈ గడ్డకు కొత్తది కాదు. 1876-78 కరువులో కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆ కరువులోనే, 1877 మొదట్లో, బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని పెద్ద మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. అది చాలదని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు, ఆ ఏడాదే కూలి మళ్లీ పెంచాల్సి వచ్చింది. దాదాపు అదే దశాబ్దంలో దాదాభాయ్ నౌరోజీ భారతీయుడి తలసరి ఆదాయం ఏడాదికి ఇరవై రూపాయలని లెక్కగట్టి, దాన్ని జైల్లో ఖైదీ తిండిబట్టలకు ప్రభుత్వం పెడుతున్న ఖర్చుతో పోల్చాడు. ఇద్దరూ కనీస ఖర్చునే లెక్కించారు. టెంపుల్, పని చేసే ఒంటికి ఆ పూట ఎంత వేస్తే మర్నాడు లేస్తుందని చూశాడు. నౌరోజీ, మనిషి ఏడాది పొడుగునా బతకాలంటే ఎంత కావాలని చూశాడు. నగరపు చవకను కొలిచే నేటి లెక్కలు, కూలివాడి వరకు వచ్చేసరికి, టెంపుల్ వైపే మొగ్గుతున్నాయి. పనిరోజుల్లో పనిమనిషికి అయ్యే ఖర్చు మాత్రమే వాటికి కనిపిస్తుంది.

హైదరాబాదు చవకకు నగరం సొంతంగా సంపాదించుకున్న కారణాలూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. సముద్రం అడ్డం లేని పీఠభూమి కాబట్టి ఊరు నాలుగు దిక్కులా పెరగగలిగింది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దశాబ్దాలపాటు దగ్గరి నీళ్లు ఇచ్చాయి. 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవో, స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి ఎత్తేసి రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలే ఖాళీని బట్టి అంతస్తులు కట్టుకోనిచ్చింది. ముంబైలో లేని సదుపాయం అది. ఇళ్లు విరివిగా లేచి బాడుగలు చాలాకాలం అదుపులో ఉన్నాయంటే దాని పాత్ర తక్కువది కాదు. నూట యాభై ఎనిమిది కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు శివార్లను దగ్గర చేసింది. అయితే ఈ కారణాల బలం తగ్గుతోంది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వమే వేలం వేసిన భూమి ఎకరా 100.75 కోట్లు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు పలికింది. నీళ్లు ఇప్పుడు నాగార్జునసాగర్ నుంచి నూరు కిలోమీటర్లకు పైగా, ఎల్లంపల్లి నుంచి అంతకన్నా దూరం, పంపులతో ఎక్కించుకుని రావాలి. నేల, నీళ్లు ఇంత ప్రియమయ్యాక కూడా నగరం ఇంకా చవకే అనిపించుకుంటోందంటే, ఇంకేదో చవకగా దొరుకుతూ ఉండాలి. అది పని చేసే చెయ్యి.

ఆ చెయ్యి చవకగా ఎలా దొరుకుతుందో తెలియాలంటే, ప్రభుత్వ సర్వేల్లో కుటుంబం అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చూడాలి. జాతీయ నమూనా సర్వే దృష్టిలో కుటుంబమంటే మామూలుగా ఒకచోట ఉంటూ ఒకే వంటింటి తిండి తినేవాళ్లు. డోన్ చుట్టుపక్కల పల్లెనుంచి మొగుడూపెళ్లాలు మేడ్చల్ వైపు కట్టుబడి పనికి పోయి, పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలితే, సర్వే లెక్కలో అవి రెండు కుటుంబాలు. నగరంలో ఇద్దరు సంపాదనపరులున్న చిన్న కుటుంబం, పల్లెలో నలుగురు ఉన్న పేద కుటుంబం. పంపే డబ్బు రెండోదానికి బయటినుంచి వచ్చే సాయం. నిజానికి అది ఒకటే సంసారం, రెండు పొయ్యిలమీద వండుకుంటోంది అంతే. ఈ విడదీత సర్వే చేసేవారి అజ్ఞానం కాదు, కొలతకు ఏదో ఒక హద్దు ఉండాలి. కానీ ఆ హద్దు సరిగ్గా మన ప్రశ్న నడుముమీదే పడింది.

రెండు పొయ్యిలను కలిపి లెక్కిస్తే ఏమవుతుందో ప్రభుత్వ అంకెలతోనే చూడవచ్చు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు 8,978 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 5,327. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఇద్దరు ముసలివాళ్లు ఉన్న ఆరుగురి సంసారం మొత్తం నగరంలో ఉంటే ఈ సగటున నెలకు 53,868 కావాలి. ఇద్దరు నగరంలో, నలుగురు పల్లెలో ఉంటే 39,264 చాలు. తేడా నెలకు 14,604, ఏడాదికి లక్షా డెబ్బై అయిదు వేలు దాటుతుంది. ఈ అంకెను అక్షరాలా నమ్మమని అడగను. అవి సగటులు, కూలి కుటుంబం ఖర్చు సగటుకన్నా కిందే ఉంటుంది. తెలంగాణ పట్టణాలన్నీ హైదరాబాదు కావు, హైదరాబాదు ఖర్చు ఆ సగటును మించే ఉంటుంది. పిల్లవాడి ఖర్చూ పెద్దవాడి ఖర్చూ ఒకటి కాదు. ఇంకో ముఖ్యమైన విషయం, ఆ తేడాలో సగం ధరల తేడా అయితే సగం తిండిలో, వైద్యంలో, చదువులో తగ్గించుకున్నది కావచ్చు. అయినా అంకె చూపే దిశ మారదు. నలుగురిని వెనక వదలడం వల్లే ఆ ఇద్దరూ నగరం ఇచ్చే కూలికి సరిపెట్టుకోగలుగుతున్నారు. ఆరుగురినీ వెంట తీసుకుపోవాల్సి వస్తే ఆ కూలికి ఎవరూ నిలబడలేరు, నిలబడకపోతే కూలి పెరగాలి, కూలి పెరిగితే అపార్టుమెంటు, ఇంటిపని, డెలివరీ, సెక్యూరిటీ అన్నీ పెరగాలి. నగరం చవక అంటున్నప్పుడు మనం లెక్కలోకి తీసుకోనిది ఈ మెట్లవరసనే.

మైకేల్ బురవోయ్ అనే సమాజశాస్త్రవేత్త 1976లో దక్షిణాఫ్రికా బంగారు గనుల కూలీలను, కాలిఫోర్నియా తోటల్లోని మెక్సికో కూలీలను పక్కపక్కన పెట్టి ఇలాంటిదే చూపించాడు. కూలీని పనిలో నిలబెట్టే ఖర్చు ఒకచోట, కూలీని పుట్టించి పెంచే ఖర్చు ఇంకోచోట పడితే, పని ఇచ్చేవాడికి రెండోది ఉచితంగా వస్తుందన్నాడు. అక్కడ ఆ విడదీతకు మనుషుల కదలికను కట్టడిచేసే పాస్ చట్టాలు, దేశ సరిహద్దులు కావలసి వచ్చాయి. మనకు అంత బలవంతం అక్కరలేకపోయింది. ఆరువందల మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, ఆ వానకే కట్టుబడిన శెనగకాయ సేద్యం, ఒక గది బాడుగ చాలు. కర్నూలు పడమటి మండలాలనుంచి ఏటా సుగ్గికి గుంటూరు, పల్నాడు మిరప చేలకు పోయే కుటుంబాల పిల్లలకోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. మంచి పనే. అయితే మిరపకాయ ధరలో ఆ హాస్టలు ఖర్చు లేదు. అలాగే హైదరాబాదులో చదరపు అడుగు కట్టుబడి ఖర్చులో డోన్ మండలంలోని అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల, అవ్వ చాకిరీ ఏవీ లేవు. ఆంధ్రప్రదేశ్ ఖజానా, మన ముసలివాళ్ల ఒళ్లు కలిసి ఇంకో రాష్ట్రపు నగరానికి పనివాళ్లను తయారుచేసి పంపుతున్నాయి. ఇందులో పల్లె ఇంటి విలువ కూడా ఉంది. 2012 ఆధార సంవత్సరంగా నడిచిన వినియోగ ధరల సూచీలో ఇంటి బాడుగకు పట్టణాల్లో 21.67 శాతం బరువు ఇచ్చి, పల్లెల్లో అసలు ఇవ్వలేదు. సొంతిల్లే కదా అని. ఆ సొంతింటి గోడకు, కప్పుకు డబ్బు పెట్టేది నగరంలో బాడుగ కట్టే మనిషే.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ఎవరినీ ఎవరూ కట్టి తీసుకుపోవడం లేదు కదా, ఇక్కడికన్నా అక్కడ కూలి ఎక్కువ కాబట్టే పోతున్నారు, పంపిన డబ్బుతో ఊళ్లో ఇళ్లు లేచాయి, ఆడపిల్లలు డిగ్రీ చదివారు, నగరం లేకపోతే ఈ మెట్టనేల వాళ్లకు ఏం పెట్టేది అని. ఇందులో ప్రతి ముక్కా నిజం. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. కట్టుబడి పనిలో అంతకు రెట్టింపు పైనే దొరుకుతుంది కనుక పోవడం తెలివైన పనే. పోయినవాడి నిర్ణయం సరైనదని ఒప్పుకోవడం ఒకటి, ఆ నిర్ణయానికి దారితీసిన ధర సరైనదని ఒప్పుకోవడం ఇంకొకటి. గిట్టుబాటు లేని ధరకు పంట అమ్ముకున్న రైతు కూడా కుళ్లబెట్టుకోవడం కన్నా మేలని తెలివిగానే అమ్ముతాడు. అతడు అమ్మాడు కాబట్టి ధర న్యాయమని ఎవరూ అనరు. నేను నగరాన్ని నిందించడం లేదు, చిట్టాలో ఒక పద్దు రాయలేదని మాత్రమే అంటున్నాను.

ఇంకో అభ్యంతరం ప్రభుత్వాల నుంచి వస్తుంది. పేదకు ఖర్చు ఎక్కడుంది, బియ్యం ఉచితం, బస్సు ఉచితం, కరెంటు రెండువందల యూనిట్ల వరకు ఉచితం, అయిదు రూపాయలకు భోజనం అంటారు. ఈ పథకాలు నగర జీవితాన్ని నిజంగానే తేలిక చేశాయి, కానీ ఎవరికన్నది కార్డు మీద చిరునామా చెబుతుంది. తెలంగాణ 2023 డిసెంబరులో మొదలుపెట్టిన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఆ రాష్ట్రవాసులైన ఆడవాళ్లకు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న వచ్చిన స్త్రీశక్తి ఉచిత ప్రయాణం అంతర్రాష్ట్ర బస్సుల్లో వర్తించదు. కాబట్టి డోన్ నుంచి పోయే ఆడమనిషి కర్నూలు దాకా ఉచితంగా పోయి, అక్కడ హైదరాబాదు బస్సెక్కిన దగ్గర్నుంచి టికెట్టు కొనాలి. నగరంలో పనికి పోయే సిటీ బస్సులోనూ, పక్క సీటులోని ఆమె సున్నా టికెట్టు తీసుకుంటుంటే, ఈమె డబ్బులిచ్చి తీసుకోవాలి. రేషన్‌లో మాత్రం కొంత దారి తెరుచుకుంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి 2019 ఆగస్టులో దేశంలో మొదట మొదలైన రెండు జతల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలు ఒక జత. అయినా పరాయి కార్డుకు వచ్చేది కేంద్రం కోటా. 2025 ఉగాదికి తెలంగాణ మొదలుపెట్టిన మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఆ రాష్ట్రపు కార్డుకే. హైదరాబాదు శివారు కొల్లూరులో 2023లో ప్రారంభించిన పదిహేను వేలకు పైగా రెండు పడకగదుల ఇళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కూలి చవక చేసే మనిషే నగరంలో ఖరీదుగా బతకాల్సి రావడం ఈ ఏర్పాటులో అన్నిటికన్నా వింత భాగం. తెలంగాణ పన్ను తెలంగాణవాళ్లకే అన్న జవాబులో రాజ్యాంగపరంగా దోషం లేదు. ఆ మనిషి నగరంలో కొన్న ప్రతి సబ్బుమీద, ప్రతి చొక్కామీద రాష్ట్ర జీఎస్టీ వాటా తెలంగాణకే పోతోందన్నది కూడా ఆ జవాబు పక్కనే రాసుకోవాలి.

పనివాళ్ల తర్వాత కూరగాయలు. కర్నూలు ఉల్లి హైదరాబాదులోని మలక్‌పేట మార్కెట్టుకు పోతుంది. నగరంలో ఉల్లి ధర పెరిగితే ప్రభుత్వం కదిలే వేగం చూడండి. 2023 ఆగస్టులో ఎగుమతిమీద 40 శాతం సుంకం వేసింది, డిసెంబరులో ఎగుమతినే నిషేధించింది, 2024 మేలో గాని ఎత్తలేదు. 2025లో కర్నూలు మార్కెట్టులో ఉల్లి ధర కూలిపోయినప్పుడు రాష్ట్రం క్వింటాలుకు 1,200 రూపాయల ధర ప్రకటించింది. కిలోకు పన్నెండు రూపాయలు, అదీ పంట మార్కెట్టుకు వచ్చి పడ్డాక. టమాటా కథ మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2023 జూలైలో నగరాల్లో కిలో నూరు దాటితే దేశమంతా గగ్గోలు పుట్టింది. అదే ఏడాది సెప్టెంబరుకల్లా ఈ ప్రాంతపు మార్కెట్లలో ధర పడిపోయి కోత కూలి కూడా రాలేదు. పెరిగిన ధర వార్త అవుతుంది, కూలిన ధర స్థానిక పేజీలో ఫోటో అవుతుంది. దళారీలు, నిల్వ వసతుల లేమి, ఒకేసారి విరగబడి పంట వేయడం కూడా దీనికి కారణాలే, నగరాన్ని ఒక్కదాన్నే బోనెక్కించలేం. కానీ ధరలను అదుపు చేసే యంత్రాంగం తినేవాడి కొలతలతో పనిచేస్తుంది, పండించేవాడి కొలత దానికి తర్వాత గుర్తుకొస్తుంది.

అయితే డోన్‌లో బతకడం చవకా? కాదు, ఇక్కడ మన సొంత భ్రమను కూడా వదులుకోవాలి. పల్లెలో ఖర్చేముంటుందనే మాట బయటివాళ్లకన్నా మనమే ఎక్కువ అంటాం. పెద్ద జబ్బు వస్తే కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలి, రానుపోను, వెంట ఒక మనిషి, ఆ రోజు కూలి. తాగే నీళ్లు క్యానుల్లో కొంటాం. ఇంజనీరింగు కోచింగు, మంచి కాలేజీ అంటే కర్నూలో హైదరాబాదో. నగరంలో పది నిమిషాల దూరంలో ఉన్నదానికి ఇక్కడ ఒక దినం పోతుంది. ఆ దినానికి ధర కట్టే సూచీ లేదు. సర్వేలో పల్లె ఖర్చు తక్కువగా కనిపించడానికి ఒక కారణం, కొనాలన్నా దొరకనిదాన్ని మనం కొనకపోవడమే. కాబట్టి ఇందాకటి పద్నాలుగు వేల తేడాను పల్లె ఇచ్చిన రాయితీగా మాత్రమే చూడకూడదు, పల్లెలో వెనకబడ్డవాళ్లు వదులుకున్న దానిగా కూడా చూడాలి. వదులుకున్నది ఎక్కువగా పదేళ్లలోపువాళ్లు, అరవై దాటినవాళ్లు.

అరవై దాటినవాళ్ల విషయంలో రాష్ట్రాల సరిహద్దు తమాషాగా పనిచేస్తోంది. 2024 జూలైనుంచి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000. తెలంగాణలో అప్పటికి 2,016. నగరంలో ముప్ఫై ఏళ్లు ఇటుకలు మోసిన మనిషి కార్డును ఊళ్లోనే ఉంచుకున్నందుకు అప్పుడు రేషన్ రూపంలో నష్టపోయాడు. ఇప్పుడు అదే కార్డుకోసం ఊరికి తిరిగొస్తాడు. మోకాళ్లు అరిగిన ఒంటితో వస్తాడు, ఆ వైద్యం ఇక్కడి ఆరోగ్య కేంద్రం పద్దులో పడుతుంది. ఎదిగిన చెయ్యిని తీసుకున్న నగరం, అది అరిగాక తిప్పి పంపుతుంది. ఆ మధ్య కాలం ఖర్చునే నగర జీవన వ్యయం అంటున్నాం. ఆంధ్రప్రదేశ్ పింఛను పెంచడం దయతో చేసిన పనే, కానీ లెక్కకు అది నగరపు కట్టుబడి పరిశ్రమ ఇవ్వని పదవీ విరమణ వేతనాన్ని ఇంకో రాష్ట్రం భర్తీ చేయడమే.

ఏం చేయాలన్న దగ్గర నా కోరిక చిన్నది, పూర్తిగా గణాంకాలకు సంబంధించినది. జాతీయ నమూనా సర్వేలో కేంద్రంతోపాటు రాష్ట్రాలు కూడా తమ వంతు నమూనా తీసుకుని సర్వే చేస్తాయి. ఆంధ్రప్రదేశ్ అర్థగణాంక శాఖ తన నమూనాలో ఒక ప్రశ్న కలపవచ్చు: ఈ ఇంటి ఖర్చులో భాగస్తులైనవారు వేరే చోట ఇంకో పొయ్యి పెట్టుకున్నారా, అక్కడ బాడుగ, తిండి, రాకపోకలకు ఎంత పోతోంది? రెండు పొయ్యిలూ కలిసినప్పుడే ఆ సంసారం జీవన వ్యయం తెలుస్తుంది. 2027 మార్చి 1 ఆధార తేదీగా జరిగే జనగణన వలసను చెబుతుంది కానీ ఖర్చును చెప్పదు, కాబట్టి దానిమీద ఆధారపడి కూర్చోలేం. రెండు రాష్ట్రాల మధ్య మనుషులను ఎలా కలిపి చూస్తారని అధికారులు అడగవచ్చు. ఏ కార్డు ఏ ఊరిది, ఈ నెల ఏ నగరంలో, ఏ చౌకదుకాణంలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకుంది అన్నది 2019నుంచీ ఈపాస్ యంత్రాల్లో నమోదవుతూనే ఉంది. పేర్లు తీసేసి మండలాలవారీగా ఆ అంకెలు బయటపెడితే, డోన్ మండలం కార్డుల్లో ఎన్ని హైదరాబాదు మూసాపేటలో, ఎన్ని బెంగళూరులో వాడుతున్నారో ఒక్క పట్టికలో తేలుతుంది. ఆ పట్టిక బియ్యం వరకే చెబుతుంది. బాడుగ, బస్సు, పిల్లల హాస్టలు, అవ్వకు పంపే మందుల డబ్బు దానిలో ఉండవు, వాటికోసం ఇంటింటికీ పోయి అడగాల్సిందే. ఎవరిని అడగాలో మాత్రం ఆ పట్టిక చూపిస్తుంది.